రిపోర్టులో 3.0 వచ్చింది, లివర్ పోయినట్టేనా?

మిర్యాలగూడ నుంచి ఒకాయన పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 48, రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, గోళీలు వాడుతున్నారు. బరువు 84 కిలోలు, బొజ్జ ఉందని తనే రాశారు. మొన్న వానల్లో డెంగీ వచ్చి కొన్ని రోజులు నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఉన్నారట. ఇంటికొచ్చి పది రోజులు కూడా కాకముందే ఒక ల్యాబ్ కుర్రాడు మిల్లుకు వచ్చి, ఫుల్ బాడీ చెకప్ ఆఫర్లో ఉంది సార్ అంటే చేయి చాపారు. రిపోర్టు ఫోనుకొచ్చింది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్జీఓటీ 62, ఎస్జీపీటీ 58, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు. వాటి కింద 'ఫిబ్-4 స్కోరు 3.0' అని, పక్కన ఎర్ర అక్షరాలతో 'లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం ఎక్కువ' అని రాసి ఉంది. రెండేళ్ల కింద తీయించిన స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది కాబట్టి, ఇక అయిపోయిందని అనుకున్నారు.

అంత భయం ఎందుకంటే, వాళ్ల నాన్న 54 ఏళ్లకే రక్తం కక్కుకుని పోయారు. లివర్ అన్నారు. ఆయన రోజూ తాగేవారు. ఈయన ఆదివారం పూట కల్లు, ఎప్పుడన్నా దావత్‌లో రెండు పెగ్గులు, అంతే. బిడ్డకు సూర్యాపేట సంబంధం మాట్లాడుతున్నారు. లివర్ జబ్బు సంగతి తెలిస్తే తండ్రి తాగుబోతు అనుకుని వాళ్లు వెనక్కి పోతారని భయం. భార్యకు చెప్పలేదు. బావమరిదికి ఒక్కడికే చెబితే, పసరు మందు తాగిస్తా రా అని వెంటపడుతున్నాడు. బయాప్సీ తీయించుకోవాలా, పెళ్లి ఈ కార్తీకంలోనే కానిచ్చేద్దామా, ఉన్న ఒక్క ప్లాటు బిడ్డ పేరు మీద రాసేద్దామా అని అడిగి, చివర్లో 'అన్నా, నాకు ఎన్నేళ్లుందో నిజం చెప్పు' అని ముగించారు.

అన్నా, ఎన్నేళ్లుంది అనే ప్రశ్నకు మీరు పంపిన కాగితంలో జవాబు లేదు. దాచి చెప్పడం లేదు, నిజంగానే లేదు. మీరు లెక్కలు చూసే మనిషి కదా, ఆ 3.0 ఎట్లా వచ్చిందో చూద్దాం రండి.

వయసును ఎస్జీఓటీతో గుణిస్తారు. 48 ఇంటూ 62, అంటే 2976. తర్వాత ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటారు, మీకు 130. దాన్ని ఎస్జీపీటీ వర్గమూలంతో గుణిస్తారు, 58కి వర్గమూలం సుమారు 7.6, అంటే 990 దాకా వస్తుంది. 2976ని 990తో భాగిస్తే 3.0. అంతే, ఇంకేమీ లేదు. మీ లివర్‌ను ఎవరూ చూడలేదు, కొలవలేదు, మూడు రక్తపు అంకెలు, మీ పుట్టిన సంవత్సరం కలిపి కంప్యూటర్ ఒక భాగహారం చేసింది.

ఇప్పుడు మిగతావన్నీ అట్లాగే ఉంచి ప్లేట్‌లెట్లు ఒక్కటే రెండు లక్షల ఇరవై వేలు వేసి చూడండి. స్కోరు 1.8కి దిగుతుంది. ఎస్జీఓటీ 40కి, ఎస్జీపీటీ 48కి వచ్చాయనుకోండి, 1.26. ఆ రిపోర్టు పెట్టుకున్న గీతల ప్రకారమే 1.3 కంటే తక్కువొస్తే భయం లేదు, 2.67 దాటితే ఎర్ర అక్షరాలు. అదే మనిషి, అదే లివర్.

మరి ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గాయి? డెంగీ వల్ల కావచ్చు. డెంగీ ప్లేట్‌లెట్లను కిందికి లాగుతుంది, అది ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. చాలామందికి తెలియంది ఏంటంటే అది లివర్‌ను కూడా తాకుతుంది, ఎస్జీఓటీ, ఎస్జీపీటీ రెండూ పెరుగుతాయి, అందులోనూ ఎస్జీఓటీ ఎక్కువ పెరుగుతుంది. జ్వరం తగ్గాక కూడా అవి మామూలు స్థితికి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఫిబ్-4 లెక్కలో ఎస్జీఓటీ పైన ఉంటుంది, ప్లేట్‌లెట్లు కింద ఉంటాయి. పైది పెరిగి కిందిది తగ్గితే స్కోరు ఎటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. దవాఖాన నుంచి వచ్చి పది రోజులు కాని మనిషి దగ్గర రక్తం తీసుకుని, ఈ మధ్య జ్వరం వచ్చిందా అని ఒక్క మాట అడగకుండా ఎర్ర అక్షరాల్లో భయపెట్టడం నాకైతే నచ్చలేదు. ఆఫర్ పెట్టి అమ్మే టెస్టులకు ఆ ఓపిక ఉండదు.

అట్లని ఆ లెక్క దొంగ లెక్క కాదు. దాని వెనక పనికొచ్చే తర్కమే ఉంది. లివర్ ఏళ్ల తరబడి దెబ్బలు తింటుంటే, అది కొవ్వు వల్ల కావొచ్చు, తాగుడు వల్ల కావొచ్చు, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల కావొచ్చు, దెబ్బతిన్న చోటల్లా పీచులాంటి మచ్చలు కడతాయి. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. మచ్చలు పెరిగేకొద్దీ లివర్ గట్టిపడి, పేగుల నుంచి దానిలోకి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం (స్ప్లీన్) ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. ప్లేట్‌లెట్లు తయారు చేయమని ఎముక మూలుగకు కబురు పంపే హార్మోను కూడా ఎక్కువగా లివర్‌లోనే పుడుతుంది, అదీ తగ్గుతుంది. అందుకే ఏ జ్వరమూ లేని మనిషికి ప్లేట్‌లెట్లు సంవత్సరానికి సంవత్సరం మెల్లగా దిగుతుంటే డాక్టర్లు లివర్ వైపు చూస్తారు. మీ నాన్న రక్తం కక్కుకోవడం కూడా ఆ వెనక్కి తన్నిన ఒత్తిడి వల్లే అయి ఉండాలి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు పగిలితే అట్లా అవుతుంది.

ఈ ఫిబ్-4 లెక్క 2006లో వచ్చింది. అప్పట్లో దాన్ని కట్టింది హెచ్ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్న పేషెంట్ల కోసం. తర్వాత ఫ్యాటీ లివర్‌కు కూడా వాడటం మొదలుపెట్టి, 1.3, 2.67 అనే గీతలు పెట్టారు. 65 దాటినవాళ్లకు కింది గీతను 2.0కు పెంచుతారు, ఎందుకంటే వయసు పైనే గుణకారంలో ఉంది కాబట్టి పెద్దవాళ్లందరికీ స్కోరు ఊరికే పెరుగుతుంది. 35 లోపు వాళ్లకు అసలు నమ్మకంగా పనిచేయదు. ఇది ఒక జల్లెడ అన్నా, మిల్లులో మీరు రోజూ చూసేదే. కింద పడ్డవి పక్కకు పోతాయి, పైన మిగిలినదంతా రాళ్లేనని ఎవరూ అనరు, ఇంకోసారి చేత్తో చూడాలంటారు. 1.3 కంటే తక్కువ వస్తే బాగా గట్టిపడిన లివర్ ఉండదని పదిలో తొమ్మిది సార్లు నమ్మొచ్చు. ఎక్కువ వస్తే మాత్రం ఇంకో పరీక్షకు పొమ్మని అర్థం, ఇంకేమీ కాదు.

ఇంకోటి. స్కానింగులో వచ్చిన గ్రేడ్ 2కు, దీనికి సంబంధం లేదు. మీరు రెండిటినీ కలిపి చూసుకుని భయపడ్డారు. గ్రేడ్ అంటే లివర్‌లో కొవ్వు ఎంత తెల్లగా కనపడుతుందో చెప్పే అంచనా. గట్టిపడటాన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా చెప్తారు, ఎఫ్4 అంటే సిరోసిస్, లివర్ అంతా మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. గ్రేడ్ 2 కొవ్వున్న మనిషికి మచ్చ ఒక్కటీ ఉండకపోవచ్చు. గ్రేడ్ 1 అన్న మనిషికి ఎఫ్3 ఉండొచ్చు.

హమ్మయ్య అనుకుని ఫోను పక్కన పడేయకండి. మీ స్కోరు మీద నమ్మకం లేదన్నాను, మీ లివర్ బాగుందని అనలేదు. తొమ్మిదేళ్ల షుగర్, బొజ్జ, ఫ్యాటీ లివర్, ఈ మూడూ ఒకే మనిషికి ఉంటే, చుక్క మందు తాగకున్నా లివర్ గట్టిపడే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లందరికీ ఈ లెక్క కట్టి చూడమని డాక్టర్ల సంఘాలు చెప్పేది అందుకే. ఎస్జీఓటీ, ఎస్జీపీటీ నార్మల్‌గా ఉన్నాయని కూడా ధీమా పడొద్దు, సిరోసిస్ ఉన్నవాళ్లలో కూడా అవి నార్మల్‌గా కనపడే సందర్భాలున్నాయి.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, ఆగి మళ్లీ రక్తం ఇవ్వడం. డెంగీ నుంచి కోలుకుని రెండు నెలలయ్యాక, ఒంట్లో ఏ జ్వరమూ లేనప్పుడు, ఎస్జీఓటీ, ఎస్జీపీటీ, ప్లేట్‌లెట్లు ఒకే రోజు ఒకే ల్యాబులో చేయించండి. దానికి ముందు రెండు మూడు రోజులు మిల్లులో బస్తాలు మోయడం లాంటి బరువు పనులు వద్దు, ఎస్జీఓటీ కండరాల్లోంచి కూడా వస్తుంది. ఖర్చు తక్కువ. దీనిలో ఉన్న కష్టం ఒక్కటే, ఈ రెండు నెలలు టెన్షన్ మోయాలి. నిజంగా లివర్ గట్టిపడే ఉన్నా, ఏళ్ల మీద జరిగే పని కాబట్టి రెండు నెలల్లో కొంప మునగదు. కానీ కొన్ని లక్షణాలుంటే ఆగే ప్రశ్నే లేదు. కడుపు ఉబ్బి బిగుసుకోవడం, కళ్లు పచ్చబడటం, తారులాంటి నల్ల విరేచనం, రక్తపు వాంతి, పగలు మత్తుగా ఉండి మాట తడబడటం, వీటిలో ఏదున్నా ఆ రోజే దవాఖానకు పోవాలి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

రెండోది ఫైబ్రోస్కాన్. చాలామంది దీన్నీ మామూలు స్కానింగునీ ఒకటే అనుకుంటారు. పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి చిన్నగా తడతారు, ఆ అదురు లివర్‌లో ఎంత వేగంగా పోతుందో చూసి గట్టిదనం కొలుస్తారు. నొప్పి ఉండదు, ముందు మూడు గంటలు ఏమీ తినకుండా పోవాలి. ఫ్యాటీ లివర్‌లో 8 కిలోపాస్కల్స్ కంటే తక్కువొస్తే ఎక్కువమందిని ఇంటికి పంపిస్తారు, 12 దాటితే నిపుణుడు గట్టిగా పట్టించుకుంటాడు. ఇప్పుడే పరుగెత్తి చేయించుకుందామని మీకు అనిపిస్తుంది, చేయించుకోవచ్చు కూడా. అయితే లివర్‌లో వాపు ఉన్నప్పుడు ఈ అంకె కూడా ఎక్కువే చూపిస్తుంది, డెంగీ వాపు తగ్గకముందు చేయించి 11 వచ్చిందనుకోండి, ఇప్పుడు పడుతున్న టెన్షనే ఇంకో కాగితంతో మళ్లీ పడతారు. నేనైతే మీ స్థానంలో ముందు రక్తం, అది 1.3 దాటితే ఫైబ్రోస్కాన్, ఈ వరసలో పోతాను. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గాంధీలో గ్యాస్ట్రో విభాగాలున్నాయి, మీ షుగర్ డాక్టరుతో చీటీ రాయించుకుని పోతే మేలు.

ఈఎల్ఎఫ్ అనే ఇంకో రక్త పరీక్ష ఉంది. ఫిబ్-4 లాగా పక్కదారి అంకెలతో కాకుండా, మచ్చ కట్టేటప్పుడు రక్తంలోకి వచ్చే మూడు పదార్థాలను నేరుగా కొలుస్తుంది. వాటిలో హైలురోనిక్ ఆసిడ్ ఒకటి. మన వైపు మామూలు ల్యాబుల్లో దొరకదు, మీకు ఇప్పుడు దాని అవసరమూ లేదు. ఎక్కడైనా ప్యాకేజీలో కనపడితే డబ్బు పెట్టకండి.

మీరు అడిగిన బయాప్సీ వరసలో అన్నిటికంటే చివరిది. సూదితో తీసే ముక్క మొత్తం లివర్‌లో సుమారు యాభై వేలో వంతు. మచ్చలు లివర్ అంతటా ఒకేలా ఉండవు కాబట్టి అది కూడా తప్పు చెప్పొచ్చు, అరుదుగానైనా రక్తస్రావం ముప్పు ఉంది. మిగతా పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నప్పుడో, జబ్బు కారణం తేలనప్పుడో డాక్టరు అడుగుతాడు, అప్పుడు భయపడకుండా ఒప్పుకోండి. ఒక్క ఫిబ్-4 చూసి బయాప్సీకి పోవడం మాత్రం అనవసరం.

మీ ఉత్తరం చదివితే నాకు ఎర్ర అక్షరాల కంటే ఎక్కువ పట్టింపు అనిపించింది మీ నాన్న సంగతి. తాగుడు వల్లే అని అందరూ అనుకున్నారు, నిజమే కావచ్చు. కానీ ఆయనకు హెపటైటిస్ బి పరీక్ష చేశారో లేదో మీకు తెలుసా? ఆ వైరస్ ఉన్న ఇళ్లలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది, ఏళ్ల తరబడి లోపల ఉండి ఏ గుర్తూ చూపించదు. రెండోసారి రక్తం ఇచ్చేటప్పుడు హెపటైటిస్ బి, సి రెండూ చేయించండి. ఇది అసలు మీ ప్యాకేజీలోనే ఉండాల్సింది. ఉన్నాయని తేలితే 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద సర్కారు దవాఖానల్లో మందులు ఉచితంగా ఇస్తారు, బి ఉంటే ఇంట్లోవాళ్లకు పరీక్ష, లేనివాళ్లకు టీకా. పెళ్లి కాబోయే బిడ్డ ఉన్న ఇంట్లో ఇది తెలుసుకోవడం మంచిదే.

కల్లు గురించి. ఆదివారం ఒక్కటే అని రాశారు, నమ్ముతాను. అయినా లెక్క తేలేదాకా కల్లూ, పెగ్గులూ రెండూ బంద్ పెట్టండి, షుగర్, కొవ్వు ఉన్న లివర్ మీద కొంచెం మందు కూడా ఎక్కువే. ఒక మాట మాత్రం మీలోనే చూసుకోండి: ఆదివారం కాకుండా మధ్యలో కూడా తాగుతూ, మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరుకు చెప్పి ఆపండి. మన వైపు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారని తెలిసిందే, అట్లాంటి కల్లు అలవాటైనవాళ్లు టక్కున మానేస్తే ఫిట్స్ రావొచ్చు.

బావమరిది మంచికే చెప్తున్నాడు, అతని మీద కోపం వద్దు. కానీ పసరు వద్దు. అందులో ఏ ఆకు ఎంత ఉందో పోసేవాడికే తెలియదు, దెబ్బతిన్న లివర్‌కు ఇంకో భారం. కరోనా టైంలో తిప్పతీగ కషాయం తాగి లివర్ పాడైనవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో రాశారు, ఇంటింటా తాగిన ఆకే అది. మీ కేసులో ఇంకో ముప్పుంది. పసరు తాగి ఎస్జీఓటీ పెరిగితే రెండోసారి ఇచ్చే రక్తం కూడా తప్పుడు లెక్కే చెప్తుంది. 'టెస్టు అయ్యేదాకా ఏదీ వేసుకోవద్దన్నారు' అని అతనికి చెప్పండి, అతనూ నొచ్చుకోడు.

ఈ రెండు నెలల్లో మీరు చేయగలిగింది పరీక్షల కంటే పెద్దదే. బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే లివర్‌లో కొవ్వూ వాపూ తగ్గుతాయి, పది దగ్గరికి వస్తే మచ్చలు కూడా వెనక్కి పోయే అవకాశం ఉందని తెలుసు. మీకది ఎనిమిది కిలోలు. రెండు నెలల్లో కాదు, ఏడాదిలో. మిల్లులో పని కాబట్టి మూడు పూటలా అన్నమే అయి ఉంటుంది, రాత్రి పూట జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర చాలు. పొద్దున మిల్లుకు నడిచి పోగలిగితే పోండి. మూడు నెలల షుగర్ సగటు ఎంతుందో చూసి గోళీలు మార్చాలా అని మీ డాక్టరును అడగండి, కొన్ని షుగర్ మందులు బరువుకూ లివర్‌కూ సాయం చేస్తాయి. అమెరికాలో 2024లో ఫ్యాటీ లివర్ వల్ల గట్టిపడిన లివర్‌కే ప్రత్యేకంగా ఒక మందుకు అనుమతి వచ్చింది కూడా, అంటే ఎఫ్2, ఎఫ్3 తేలినా చేతులెత్తేసే రోజులు కావు ఇవి.

ఇంట్లో చెప్పడం గురించి. వదినకు చెప్పకపోతే రాత్రి పూట జొన్న రొట్టె ఎవరు చేస్తారన్నా? నవ్వులాట కాదు. ఉన్నట్టుండి కల్లు మానేసి, అన్నం తగ్గించి, ఫోనులో రిపోర్టులు దాచుకునే మొగుడిని చూసి ఆమె ఏమనుకోవాలి? బావమరిదికి చెప్పారు కాబట్టి ఇవాళ కాకపోతే రేపు ఆమెకు తెలుస్తుంది, తమ్ముడి నోట తెలిస్తే ఇంకా కష్టం. డెంగీ వల్ల రిపోర్టు సరిగా రాలేదు, రెండు నెలలాగి మళ్లీ చేయించాలి, షుగర్ వల్ల లివర్ జాగ్రత్తగా చూసుకోమన్నారు అని చెప్పండి. అబద్ధం ఒక్కటీ లేదు ఇందులో.

సూర్యాపేట వాళ్లకు ఇప్పుడు చెప్పాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే మీకే తెలిసింది ఏమీ లేదు. తేలని జబ్బును ముందే ప్రకటిస్తే వాళ్లు ఏదో ఒకటి ఊహించుకుంటారు. తర్వాత నిజంగా ఏదైనా తేలితే, షుగర్ వల్ల లివర్‌కు కొంచెం ఇబ్బంది, మందులు వాడుతున్నా అని చెప్పొచ్చు, షుగర్ లేని వియ్యంకుడు ఎక్కడ దొరుకుతాడు ఈ రోజుల్లో. అప్పుడు కూడా దాచితే, పెళ్లయ్యాక మూడో మనిషి నోట విని మాట పడేది మీ బిడ్డ. పెళ్లి కార్తీకంలో చేయాలా అన్నది అబ్బాయి ఎట్లాంటివాడు, బిడ్డకు ఇష్టమా, డబ్బు సర్దుబాటు అవుతుందా అని చూసి తేల్చుకోండి. మీ ఆయుష్షుకు ముడిపెట్టి తొందరపడితే పిల్ల జీవితానికి సంబంధించిన ప్రశ్నలు అడగడం మర్చిపోతారు. ప్లాటు కూడా అంతే, రాయాలనుకుంటే రాయండి, కానీ ఈ రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోకండి.

మళ్లీ రక్తం ఇచ్చాక మూడు అంకెలు, హెపటైటిస్ రిపోర్టు రాసి పంపండి, పైన నేను చేసిన భాగహారం ఈసారి మీరే చేసి, స్కోరు కూడా రాయండి. పాత ఇన్సూరెన్స్ చెకప్‌లోనో, దవాఖాన చీటీల్లోనో డెంగీకి ముందు ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో దొరికితే అది వెతికిపెట్టండి, డాక్టరుకు ఈ కొత్త రిపోర్టుల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.